సమ్మెలో మాయమైన గురివింద సీసా

2009లో నన్ను జగిత్యాలకు బదిలీ చేశారు. అక్కడి విత్తన రసాయన ప్రయోగశాలలో సీనియర్ శాస్త్రవేత్త ఉద్యోగం. హోదా పెద్దది, గది చిన్నది. కిటికీ తెరిస్తే మక్కజొన్న చేలు, మూస్తే ఉక్కపోత. అంతకుముందు చాలా ఏళ్లు నేను పల్లీల్లో, నువ్వుల్లో నూనె శాతం కొలుస్తూ కాలం గడిపిన మనిషిని. ఇక్కడ అప్పగించిన పని వేరు. కొన్ని గింజల్లో ఉండే ప్రొటీన్లు క్యాన్సర్ కణాలను చంపుతాయని అప్పటికే లోకానికి తెలుసు. మన ప్రాంతపు గింజల నుంచి అలాంటి వాటిని వేరుచేసి, శుద్ధి చేసి, హైదరాబాదులో కణాల మీద పరీక్షలు చేసేవాళ్లకు పంపడం మా వంతు.

ఉలవలు చూశాం, కాకర గింజలు చూశాం, ఆముదాలు చూశాం. చివరికి అందరి కళ్లూ గురివింద మీద పడ్డాయి. మేడిపల్లి వైపు గుట్టల దగ్గర కంచెల మీద పాకే తీగ. కంసాలులు బంగారం తూచడానికి వాడిన ఎర్ర గింజ. గురివిందకు తన కింది నలుపు తెలియదంటారు కానీ, ఆ నలుపు ఎంతటిదో మాకు రెండేళ్లలో బాగానే తెలిసింది.

చదివేవాళ్ల కోసం ఆ ప్రొటీన్ సంగతి కాస్త చెప్పాలి. దానికి రెండు భాగాలుంటాయి. ఒకటి కణం తలుపు పట్టుకుంటుంది. రెండోది లోపలికి దూరి, కణం తనకు కావలసిన ప్రొటీన్లు తయారుచేసుకునే యంత్రాన్ని ఆపేస్తుంది. యంత్రం ఆగిన కణం చస్తుంది. నువ్వు క్యాన్సర్ కణానివా, కాలేయం కణానివా అని అది అడగదు. తలుపు పట్టుకునే భాగాన్ని తీసేసి, క్యాన్సర్ కణాన్ని మాత్రమే గుర్తుపట్టే మరో భాగాన్ని అక్కడ అతికిస్తే మందు అవుతుందేమోనని శాస్త్రవేత్తల ఆశ. అది ఎక్కడో పెద్ద ప్రయోగశాలల పని. మా దగ్గర ఉన్నది ఏదీ తీయని, ఏదీ అతికించని ముడి ప్రొటీన్. మామూలు మాటల్లో చెప్పాలంటే ఒట్టి విషం. దానికి విరుగుడు లేదు. ఒంట్లోకి పోయాక కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు ఏమీ జరగనట్టే ఉంటుంది. నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఆ నెమ్మదే.

నా కింద పనిచేసే టెక్నికల్ అసిస్టెంట్ పేరు సదానందం. కోరుట్లవాడు, ఎమ్మెస్సీ చదివాడు. పరీక్ష గొట్టం పట్టుకుంటే చెయ్యి వణకదు, మైకు పట్టుకుంటే గొంతు వణకదు. 2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలవగానే కోరుట్ల ఉద్యోగుల శిబిరానికి అతన్నే కన్వీనర్‌గా పెట్టుకున్నారు. నేనూ సమ్మెలోనే ఉన్నాను. కానీ ఫ్రీజర్లు సమ్మె చేయలేవు కదా. ప్రమాదకర నమూనాలకు నేను బాధ్యురాలిని, అతను నాకు సహాయకుడు. అందుకని పై అధికారి అనుమతితో ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఒకరోజు నేను, మరుసటిరోజు అతను వెళ్లి ఫ్రీజరు ఉష్ణోగ్రత చూసి, జనరేటరులో డీజిల్ చూసి రావాలి. ఫ్రీజరులో ఆ నమూనాలున్న పెట్టె తెరిచే అధికారం మా ఇద్దరికే ఉండేది.

బొగ్గు గనులు కూడా ఆగిపోవడంతో విద్యుత్ కోతలు పెరిగాయి. డీజిల్ దొరకడం కష్టమైంది. ఫ్రీజరు కరగడం, మళ్లీ గడ్డకట్టడం, మళ్లీ కరగడం. ఇలా అయితే నమూనాలు ఎందుకూ పనికిరావు, పైగా కాపలా కాయడం ప్రమాదం. వాటిని నాశనం చేయడానికి అనుమతి అడిగాను, వచ్చింది. మా దగ్గర నాశనం చేయడమంటే ఆటోక్లేవులో పెట్టడం. పెద్ద ప్రెషర్ కుక్కర్ అనుకోండి. ఏ ప్రొటీనైనా ఆ ఆవిరికి కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టి పని మానేస్తుంది.

నాశనం చేయాల్సిన రోజు ఉదయం పెట్టె తెరిస్తే గురివింద వరసలో ఒక సీసా లేదు. పొడి సీసా కాదు, కణాల పరీక్షకని వడకట్టి సిద్ధం చేసిన ద్రావణం. నేలమీద పడిందేమోనని వంగి చూశాను. లేచేసరికి పక్క బల్ల మీద సన్నసూది సిరంజిల ప్యాకెట్ చింపి ఉంది. ఎవరో ఎత్తుకుపోయి పారేసి ఉంటే సిరంజి ఎందుకు? ముందురోజు వంతు సదానందానిది. అతని ఫోను మోగలేదు. మిగతా సీసాలన్నీ ఆటోక్లేవులో పెట్టి, అది చల్లారేదాకా ఆ గదిలో ఒంటరిగా నిలబడ్డాను. అంత పొడుగు గంట నా ఉద్యోగంలో మరొకటి లేదు.

పోలీసులకు చెప్పాలా అని ఆలోచించాను. ఆ రోజుల్లో ఊరంతా రోడ్ల మీదే ఉండేది. ప్రయోగశాల నుంచి విషం పోయిందన్న మాట బయటికి పొక్కితే అది సాయంత్రానికి ఎన్ని చేతులు మారి ఏ రూపంలో తిరిగొస్తుందో ఊహించడానికే జంకు పుట్టింది. పై అధికారికి మాత్రం ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ముందు మనిషిని పట్టుకో అన్నారాయన. మాకు గుట్టల నుంచి గింజల బస్తాలు మోసే జీపు ఖాజాది. జగిత్యాల వాడే. పిలిస్తే వచ్చాడు. "ఫికర్ చెయ్యకుండ్రి మేడం. యాడికి పోవాల్నో చెప్పుండ్రి, తెలంగాణ జెండా ఉన్నది మన బండికి," అన్నాడు.

కోరుట్లలో సదానందం భార్య సుజాత తలుపు తీసింది. భర్త శిబిరంలో లేడని, ముందురోజే సిరిసిల్లలో వాళ్ల అక్క దగ్గరికి బండి మీద పోయాడని చెప్పింది. అక్క నర్సవ్వకు రొమ్ము క్యాన్సర్ అట. ఆపరేషన్ అయింది, హైదరాబాదులో రేడియేషన్ నడుస్తోంది. ఈ సంగతి రెండేళ్లుగా నాతో పనిచేసిన మనిషి ఒక్కరోజూ నాతో అనలేదు.

"మా వదినె కరెంటు పెట్టిచ్చుకునుడు మానేసింది మేడం," అంది సుజాత. రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటారు. "సమ్మె షురువైన సంది పోతనే లేదట. తమ్ముడు మైకు పట్టి బండ్లు ఆపుతుంటె అక్క బండెక్కి పోయిందంటరు, వాని ఇజ్జత్ నేను తీస్తనా అన్నదట. ఈనకు మొన్ననే ఎర్కైంది. ఇంటికొచ్చి గోడకు తల కొట్టుకున్నడు."

తర్వాత ఆమె ఇంకో మాట అంది. "ఐస్ డబ్బాల మందు తీస్కపోయిండు. మీరే ఇచ్చిన్రని చెప్పిండు మేడం."

నేను ఇవ్వలేదని ఆమెకు చెప్పలేదు. చెప్పి అక్కడ మరో ఏడుపును వదిలి వెళ్లే ధైర్యం లేకపోయింది.

కథలాపూర్ దాటి రుద్రంగి చేరేసరికి రోడ్డు మధ్యలో సమ్మెవాళ్ల వంటావార్పు. రాళ్ల పొయ్యిల మీద పెద్ద పెద్ద గిన్నెలు, డప్పులు, పాటలు. రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి. జీపు ఆగగానే పదిమంది చుట్టూ మూగారు. ఖాజా దిగి, సిరిసిల్లలో పేషెంటు ఉన్నదని, తేవడానికి పోతున్నామని చెప్పాడు. ఆ ఒక్క మాటతో ఎడ్లబండి పక్కకు జరిగింది. ఎవరూ కాగితం అడగలేదు, ప్రశ్న వేయలేదు. పైగా ఒక పెద్దమనిషి విస్తరాకులో వేడి వేడి పులగం పెట్టి నా ఒళ్లో ఉంచాడు. "పేషెంటుకు కూడ తీస్కపోండ్రి అమ్మా. మనోళ్లే గదా," అన్నాడు. ఖాజా ఆ ఆకు అందుకుని వెనక సీట్లో పెట్టాడు. ఇంత సులువుగా తెరుచుకునే దారిలో ఆ అక్క రోజుల తరబడి రాకుండా కూర్చుందే అని నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

మామూలుగా సిరిసిల్లలో అడుగుపెడితే సాంచాల చప్పుడుకు పక్కమనిషి మాట వినబడదు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఆ రోజు వీధి వీధంతా నిశ్శబ్దం. నర్సవ్వ ఇల్లు అడుగుతూ పోతుంటే నా చెప్పుల చప్పుడే నాకు వినిపించింది. ఏ ఇంటి ముందు జనం గుమికూడి ఉంటారో అని చూస్తూ నడిచాను. ఎక్కడా జనం లేరు. అది మంచి గుర్తో చెడ్డ గుర్తో తెలియలేదు.

గడపలో ఒక ఆడమనిషి బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఆకు చుడుతోంది. తలకు గుడ్డ. మొహం పీక్కుపోయింది కానీ వేళ్లు చకచకా కదులుతున్నాయి. ఎవరని అడిగింది. చెప్పాను.

"నా మందు పంపిన మేడం మీరేనా? రాండ్రి, కూసోండ్రి," అని చాట పక్కన పెట్టబోయింది.

సూది వేశాడా అని అడిగాను. మంచినీళ్లు కూడా తాగకుండా అదే అడిగినందుకు ఆమె వింతగా చూసింది. "ఇంక ఎయ్యలె. రేపు ఏస్తనన్నడు."

నేను గడప మీదే కూర్చున్నాను. ఆ క్షణంలో నాకు కలిగిన నెమ్మది ఎంతోసేపు నిలవలేదు. లోపలి గదిలోంచి సదానందం వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, ఉక్కపోత, అతను దుప్పటి కప్పుకుని ఉన్నాడు.

నన్ను చూసి బుకాయించలేదు. దుప్పటి తీసి ఎడమచెయ్యి చూపించాడు. సూది గుచ్చిన చోట కందిపోయి వాచి ఉంది. "నిన్న నేను ఏసుకున్న మేడం. నాకు ఏం కాలె. రేపటిదాక చూసి అక్కకు ఏద్దామనుకున్న," అన్నాడు. పరిశోధన పత్రాల్లో ఎలుకల మీద వచ్చిన ఫలితాల నుంచి మనిషి బరువుకు లెక్క కట్టాడు. దాన్ని మళ్లీ ఎన్నో వంతులు తగ్గించాడు. లెక్క సరిగానే ఉంది. అది వింటుంటే నాకు మరింత భయమేసింది. పిచ్చివాడైతే చేతిలోంచి లాక్కుని కసరవచ్చు. ఇతను ప్రయోగశాలలో ఫలితం చెప్పినట్టే చెబుతున్నాడు.

ఎలుకలో గడ్డ తగ్గిన మోతాదుకూ ఎలుక చచ్చిన మోతాదుకూ మధ్య వెంట్రుకవాసి తేడా కూడా లేదని, అందుకే ఇన్నేళ్లయినా ఇది మందు కాలేదని అతనికి గుర్తుచేశాను. నీకు ఏమీ కానంత తక్కువైతే అక్క గడ్డకూ ఏమీ కాదు, గడ్డను తాకేంత అయితే అక్క ఉండదు అన్నాను.

"తెల్సు మేడం. అందుకేగా ముందుగాల నేను ఏసుకున్నది."

నర్సవ్వ మా మాటలు వింటూ నిలబడింది. సగం అర్థమైంది, ఆ సగం చాలింది. తమ్ముడి దగ్గరికి నడిచి చెంప మీద ఒక్కటి కొట్టింది. చెయ్యి ఎత్తడానికి కూడా ఓపిక లేని మనిషి. "నేను సచ్చుడు సాలదనా, నువ్వు సావబోయినవు? అమ్మకు ఏం మొకం సూపియ్యాల్రా నేను!"

సదానందం నవ్వబోయాడు. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. చలి మొదలైంది. ఒక రోజు గడిచాక మొదలయ్యే చలి. నేను పుస్తకాల్లో చదివిందే నా ఎదుట నిలబడింది.

ఖాజాను జీపు వీధి మొదట్లోకి తెమ్మన్నాను. ఐస్ డబ్బాలోంచి సీసా తీసి చూస్తే చాలావరకు మిగిలి ఉంది. దాన్ని అక్కడ వదలలేను, ఆసుపత్రి దాకా జేబులో మోయలేను. పాత చెంబులో నీళ్లు పోసి, కిరోసిన్ స్టవ్ మీద పెట్టి, సీసా అందులో వేసి మరిగించాను. నర్సవ్వ పొయ్యి పక్కన నిలబడి చూసింది. సీసాలో తేటగా ఉన్నది మెల్లగా తెల్లబడింది.

"గదే నా బతుకనుకున్న మేడం," అంది. సీసాను చెంబుతో సహా పెరట్లో లోతుగా పూడ్పించి, అతన్ని జీపు ఎక్కించాం. ఆమె బీడీల చాట అలాగే వదిలేసి మాతో ఎక్కింది.

సర్కారు దవాఖానలో డ్యూటీ డాక్టరు సమ్మెకు మద్దతుగా నల్ల బ్యాడ్జీ పెట్టుకుని ఎమర్జెన్సీ చూస్తున్నాడు. కుర్రాడు. ఉన్నదంతా చెప్పాను. విషం పేరు రాసి చూపిస్తే విన్నాను కానీ చూడలేదన్నాడు. విరుగుడు ఏమిటని అడిగాడు. లేదన్నాను. అప్పుడు అతని మొహంలోకి వచ్చిన భయం నా మొహంలో పొద్దున్నుంచి ఉన్నదే. ఏ అవయవం ఎప్పుడు దెబ్బతినవచ్చో నాకు తెలిసింది చెప్పాను. ఊపిరి చూడాలి, మూత్రం చూడాలి, రక్తపోటు పడిపోకుండా సెలైన్ ఎక్కించాలి, మిగతాది ఒంటి బలం. పెద్దాసుపత్రికి పంపుదామా అని నేనంటే ఈ స్థితిలో దారిలో ఏమైనా అయితే చూసే దిక్కుండదని అక్కడే ఉంచాడు.

ఆ తర్వాత కొన్ని రోజులు గడిచిన తీరు గురించి ఎక్కువ రాయలేను. వాంతులు, నెత్తురు విరేచనాలు, ఒళ్లు కాలిపోయే జ్వరం. కిటికీలోంచి శిబిరం నినాదాలు వినిపించేవి. ఆ నినాదాలకు అలవాటుగా అతని పెదాలు కదిలేవి. ప్రతి ఉదయం అతని కళ్లు పచ్చబడ్డాయేమోనని చూడాలనిపించేది, చూడాలంటే భయమేసేది. నాకు తెలిసినంత ఆ ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. కబురు అంది కోరుట్ల నుంచి వచ్చిన సుజాత, ఏమీ తెలియదు కాబట్టి, భర్త చెయ్యి పట్టుకుని కూర్చోగలిగింది. నేను మాత్రం వరండాలో తిరిగాను.

నర్సవ్వ మంచం పక్కనే నేల మీద పడుకుంది. తన మాత్రలు తాను వేసుకోవడం కూడా మరిచిపోతే డాక్టరే గుర్తుచేసేవాడు. జ్వరం తగ్గి అతను మాట్లాడగలిగిన రోజు ఆమె అన్నది నా ఎదుటే. "సూడు తమ్మీ, ఇంకోసారి గీ సూదుల జోలికి పోనని నా మీద ఒట్టెయ్యి. ఏస్తే రేపే పోయి కరెంటు పెట్టిచ్చుకుంట. నీ ఇజ్జత్ పోతె పోనీ."

అతను ఒట్టు వేశాడు.

కోరుట్ల శిబిరంవాళ్లు చూడడానికి వచ్చారు. జబ్బు అని తెలుసు, ఏ జబ్బో తెలియదు. అక్క సంగతి తెలిసి వాళ్లు నెత్తి కొట్టుకున్నారు. "మనం పేషెంట్లను ఎన్నడన్న ఆపినమా అక్కా? అడిగితె మేమే తీస్కపోతుంటిమి గదా." నర్సవ్వ వాళ్ల వంక చూసి, "అడుగుడు రాకనే గదయ్యా," అంది. మరుసటిరోజు శిబిరం జీపులోనే, జెండా కట్టిన జీపులోనే హైదరాబాదు పోయింది.

సదానందం బతికాడు. మనిషి సగమయ్యాడు, తేరుకోవడానికి నెలలు పట్టింది. ఎందుకు బతికాడో నేను కచ్చితంగా చెప్పలేను. ఫ్రీజరు పలుమార్లు కరిగి గడ్డకట్టడంతో ప్రొటీన్ బలం చాలావరకు పోయి ఉంటుందని నా అనుమానం. సీసాలన్నీ నాశనం చేశాక రుజువు చేయడానికి ఏమీ మిగల్లేదు. సమ్మె ముగిశాక నేను నివేదిక ఇచ్చాను. విచారణ జరిగింది, సస్పెన్షన్ అయింది, ఆ తర్వాత అతన్ని పెగడపల్లి వైపు ఒక విత్తన క్షేత్రంలో వేశారు. అక్కడ వడ్లు, మక్కలు తప్ప మరేమీ లేవు. నేను పనిచేసినంత కాలం గురివింద మళ్లీ మా గదికి రాలేదు.

నర్సవ్వ ఆ తర్వాత కొన్నేళ్లు బతికింది. ఆ కథ అక్కడక్కడ తిరిగి, గురివింద సూదితో ఆమెకు నయమైందని నా దాకా కూడా వచ్చింది. ఎవరు అన్నా సరిదిద్దాను. ఆ ఏళ్లు ఆమెకు ఇచ్చింది రేడియేషన్. మా గింజ ఇచ్చింది ఒక్కటే, ఆమె తమ్ముడి నెత్తురు విరేచనాలు.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇది. సీసా మీద మేము పుర్రె బొమ్మ అతికిస్తాం, ఎర్ర సిరాతో హెచ్చరిక రాస్తాం. అవన్నీ తెలియనివాళ్ల కోసం. విషం సంగతి తెలియనివాడి చేత భయం పొరపాటు చేయిస్తుంది. తెలిసినవాడి చేత లెక్క కట్టిస్తుంది. ఆ లెక్క ఆపడానికి మా దగ్గర ఏ బొమ్మా లేదు. అందుకే ఆ తర్వాత నా కింద ఎవరు చేరినా, వాళ్ల చదువు కన్నా ముందు ఇంట్లో అందరూ ఎట్లా ఉన్నారని అడిగాను. మర్యాదకు అడిగిన ప్రశ్న కాదు. జవాబు వచ్చేదాకా ఆగేదాన్ని.